నాలుగో రోజు లెక్క

రోజు 96

ఏడో వరసలో మూడు ఎలుకల బోనులకి ఇవాళ నీలం గుడ్డ కట్టాను. మూడు తల్లులూ పొద్దుటి నుంచీ కాగితం పీలికలు మూలకి లాక్కుని గూడు కట్టుకుంటున్నాయి. సాయంత్రానికి పిల్లలు పెట్టేస్తాయి. ఇక నాలుగో రోజు దాకా ఆ గుడ్డ ఎవరూ ఎత్తకూడదు. తిండీ నీళ్లూ పక్క గొట్టంలోంచి అందిస్తాను. ఈ గదికి ఇరవై రెండేళ్లుగా అదే చట్టం. పెట్టింది నేనే.

నాకు ముందు ఈ గది చూసుకున్నాయనకి ఆత్రం ఎక్కువ. రోజుకి నాలుగుసార్లు మూత తీసి తొంగిచూసేవాడు. బెదిరిన తల్లి తన పిల్లల్ని తనే తినేస్తుంది. నేను వచ్చాక మా అమ్మమ్మ పద్ధతి పెట్టాను. ఆవిడ పురిటి గదిలోకి మూడు రోజుల పాటు మగపురుగుని కూడా రానిచ్చేది కాదట. ఎలుక మాత్రం తల్లి కాదా అని నా పాత నీలం చీర చింపి బోనులకి కట్టాను. అప్పటి నుంచీ గది ప్రశాంతంగా ఉంది. మందులు చేసే డాక్టర్ శౌరి మెచ్చుకుని సభలో నాకు శాలువా కప్పించారు. ఆ గుడ్డ, నేల కింద మేమంతా బతికే ఈ లోవలో ఆడవాళ్లకి కూడా నచ్చింది. ఇప్పుడు పురుడొచ్చిన ప్రతి ఇంటి తలుపుకీ నీలం గుడ్డే. నాలుగో రోజు గుడ్డ విప్పాకే బిడ్డ జనాభా పుస్తకంలోకి ఎక్కుతుంది.

మధ్యాహ్నం మా అమ్మాయి మేదిని వచ్చింది. పైనుంచి దిగి సరాసరి ఇటే వచ్చినట్టుంది, బూట్ల నిండా ఎర్ర దుమ్ము. బోనుల మధ్య నిలబడి, నా మొహం చూడకుండా, "నాలుగో నెలమ్మా" అంది.

సంతోషించాల్సినదాన్ని. నా నోట వచ్చిన మాట మాత్రం ఇది: "కడుపుతో ఉండి మళ్లీ పైకెక్కావా? ఈసారన్నా బరువులెత్తకుండా కుదురుగా కూచుంటావా, లేదా?"

"సోలార్ పలకల మీద దుమ్ము తుడవకపోతే కరెంటుండదు. కరెంటు లేకపోతే మీకందరికీ గాలెక్కడ్నించి వత్తాదమ్మా?" అంది.

"నువ్వొక్కదానివే తుడుత్తన్నావా లోవంతటికీ?"

మూడుసార్లు కడుపు పోయింది దానికి. మూడూ ఐదో నెల దాటలేదు. మూడుసార్లూ మంచం పక్కన కూర్చుని నేను అడిగింది ఒకటే ప్రశ్న, ఏం ఎత్తావే అని. ఇవాళ నాలుగోసారి ముందే అడిగేశాను. అది గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. నోరు జారాక చేసేదేముంది, బోనులు కడుక్కున్నాను.

రోజు 104

గదిలో నీళ్లు. పొద్దున్నే తలుపు తీసేసరికి చీలమండ దాకా ఉన్నాయి. నీళ్ల గొట్టాలు చూసే సుభానీని కేకేశాను. వాడు పరుగున వచ్చి గోడలోకి చెయ్యి పెట్టి బిరడా బిగిస్తూ, "కింది వరస బోనులు పైకెట్టెయ్యండక్కా! మునిగిపోతన్నాయండి!" అని అరిచాడు.

కిందిది ఏడో వరసే. అందులో నాలుగు బోనులకి నీలం గుడ్డలున్నాయి. తెల్లవారుజామున పుట్టిన పిల్లలు. గుడ్డ ఎత్తకూడదు, ఎత్తకపోతే మునుగుతాయి. ఎత్తాను. చేతికి ఆ బోనులోని కాగితమే రుద్దుకుని, తల్లికి నా వాసన తగలకుండా, గూడుకి గూడు ఎత్తి పైబోనులోకి మార్చాను. చేతిలో పట్టుకున్నాక లెక్క తెలియకుండా ఎలా ఉంటుంది? పన్నెండు, పదమూడు, పదకొండు, పన్నెండు. మొత్తం నలభై ఎనిమిది.

ఇన్నా అనుకున్నాను. ఏడో వరస తల్లికి ఆరు పిల్లలు, అటూ ఇటూగా. ఇరవై రెండేళ్లుగా నేను రాస్తున్న లెక్క అదే.

ఇంకొకటి కూడా కనిపించింది. పుట్టిన ఎలుకపిల్ల గులాబి రంగులో ఉంటుంది, పాలు తాగితే పొట్టలో తెల్లగా కనిపిస్తుంది. వీటిలో కొన్ని అలా లేవు. మైనం రంగులో ఉన్నాయి. నోరు తెరుస్తున్నాయి గానీ పట్టు లేదు. లెక్కపెడితే ఇరవై నాలుగు.

"ఏంటక్కా, అలా లెక్కెడతన్నారు?" అన్నాడు సుభానీ.

"నువ్వు బిరడా బిగించరా" అన్నాను.

రోజు 107

ఎలాగూ చట్టం తప్పాను గనక నాలుగు రోజులూ తప్పాను. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి గుడ్డ ఎత్తి చూశాను. ఏ తల్లీ బెదరలేదు. ఒక తల్లి అయితే నా వేలు వాసన చూసి మళ్లీ పిల్లల మీద పడుకుంది.

రెండో రోజు ఉదయానికి మైనం రంగు పిల్లలు తొమ్మిది చచ్చాయి. మూడో రోజుకి మిగతావి. చచ్చినవాటిని తల్లి తినేసింది. గూడు శుభ్రంగా ఉంచుకోవాలిగా, అదే చేసింది. ఇవాళ నాలుగో రోజు. బోనుకి ఐదూ, ఆరూ, ఏడూ. గులాబి రంగులో, పొట్ట నిండా పాలతో, చూడముచ్చటగా ఉన్నాయి. ఎప్పటిలా ఇవాళే గుడ్డ విప్పి ఉంటే ఈ ఇరవై నాలుగే చూసేదాన్ని, పుస్తకంలో ఇరవై నాలుగే రాసేదాన్ని, ఇంటికి పోయి అన్నం తినేదాన్ని.

రోజు 111

పాత పుస్తకాలన్నీ దించాను. ఇరవై ఒకటి నిండాయి, ఇది ఇరవై రెండోది. అన్నిటిలో గడి ఒకటే: నాలుగో రోజు పిల్లలు.

ఆరో వరస ఎలుకలకి మందు ఇవ్వం. వాటి గడిలో పదకొండు, పన్నెండు, పదకొండు. ఏడో వరసకి ప్రతి తరంలోనూ కొసముడి మందు ఇస్తాం. ఏ మందైనా ముందు అక్కడ సరిపడితేనే మనుషులకి. ఏడో వరస గడిలో ఆరు, ఆరు, ఐదు, ఏడు. పేజీలకి పేజీలు ఆరు. మూడో పుస్తకం అంచున నా చేతిరాత ఉంది: "ఏడో వరస తల్లులు చిన్న కాన్పు తల్లులు. బెంగ లేదు." కింద డాక్టర్ శౌరి సంతకం, సరి అన్న ముద్ర.

బెంగ లేదట. ఎంత ధీమాగా రాశానో.

కొసముడి లేకపోతే లోవ లేదు, అది నిజం. పైన కాసే వెలుతురు మామూలుది కాదు. మన ఒంట్లో ప్రతి కణంలోనూ సన్నటి పోగులుంటాయి. కొంగుకి కుచ్చుముడులు ఊడిపోతే చీర పోగులు లేచిపోయినట్టు, ఆ వెలుతురుకి వాటి కొసలు విడిపోతాయి. మేదిని నాన్న మందు లేని రోజుల్లో పలకలు తుడిచాడు. ముప్పై ఎనిమిదేళ్లకి పళ్లు రాలి, చర్మం ఊడి, నా చేతుల్లో పోయాడు. ఎలుకలో ఒక జీను, అంటే జన్యువు, ఉంది. కొసలు ముడివేసి ఉంచడం, తెగినచోట అతకడం దాని పని. ఎలుక ఒంట్లో అది అవసరాన్ని బట్టి లేస్తుంది, పడుకుంటుంది. డాక్టర్లు దానికి నిద్ర లేకుండా చేసి మందులో పెట్టారు. మేదినికి పంతొమ్మిదేళ్లప్పుడు సూదికి భయపడి చెయ్యి చాచనంటే, నేనే దాని మోచెయ్యి పట్టుకుని చాపించాను. వాళ్ల నాన్న చావు చూసినదాన్ని. ఇంకేం చేస్తాను?

రోజు 119

వారం రోజులు ఏ బోనుకీ గుడ్డ కట్టలేదు. పుట్టిన రోజే ప్రతి పిల్ల తోక కొస సూదిమొనంత కత్తిరించి పరీక్ష గొట్టంలో వేశాను. తోక పరీక్ష నాకు కొత్త కాదు. మందు తల్లికి ఎక్కిందో లేదో దాంతోనే చూస్తాం. పిల్లలకి చెయ్యాలని ఎవరికీ తట్టలేదు. మందు తల్లి ఒంటికే గానీ గుడ్డులోకి, అంటే అండంలోకి, పోదని మొదటి పుస్తకం మొదటి పేజీలోనే రాసి ఉంది.

పోయింది. పదిహేను కాన్పులు, నూట డెబ్బై ఎనిమిది పిల్లలు. ఎనభై ఎనిమిదింటిలో నిద్రపోని జీను ఉంది. ఆ ఎనభై ఎనిమిదే మైనం రంగువి. ఒక్కటీ అటూ ఇటూ కాలేదు.

రోజు 124

డాక్టర్ శౌరి గదికి వెళ్లాను. పుస్తకం బల్ల మీద పెట్టి తెరిచాను. ఆయన తలెత్తకుండా పేజీ అంతా చదివారు. తెలివైన మనిషి, రెండుసార్లు చెప్పనక్కర్లేదు.

"పెద్ద ఒంట్లో ఈ జీను కొసల్ని పట్టి ఉంచుతుంది," అన్నారు చివరికి. "పిండంలో కొసల్ని కొత్తగా వేసుకోవాలి. వేసుకోవాలంటే ముందు పాతవి విప్పాలి. ఇది విప్పనివ్వదు. అదే అయి ఉంటుంది. కణాలు కొన్నాళ్లు నెట్టుకొచ్చి ఆగిపోతాయి."

"ఎన్నాళ్లు నెట్టుకొస్తాయండి మనిషిలో?"

ఆయన నావంక చూశారు. మేదిని సంగతి లోవలో తెలియనిది ఎవరికి? "నాలుగు నెలలు. ఐదు" అన్నారు.

"మరి ఈ ఏడాది మందు పుచ్చుకునే పిల్లలు అరవై రెండు మందున్నారండి."

"రత్నంగారూ, మందు ఆపితే ఆ అరవై రెండు మందీ మీ ఆయనలాగే పోతారు. పైకి పంపకపోతే అందరం పోతాం. పైగా సగం బతుకుతున్నాయి కదా. ఏడో వరస ఇరవై రెండేళ్లుగా నడుస్తూనే ఉంది. ఆరేసి పిల్లలతో నిక్షేపంగా ఉంది."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎలుక్కి పన్నెండు పుడతాయండి. సగం పోతే ఆరుంటాయి. మనిషికి పుట్టేది ఒకటే. ఒకటిలో సగం ఎంతండి డాక్టరుగారూ?"

ఆయన సొరుగులోంచి సన్నటి సూది పెట్టె తీసి నా ముందు పెట్టారు. ఉమ్మనీరు ఒక్క చుక్క తీస్తే చాలు, ఎలుకతోక పరీక్షే, బిడ్డలో జీను ఉందో లేదో తెలుస్తుందన్నారు. ఉంటే ఏం చెయ్యగలమని అడిగాను.

"ఏమీ చెయ్యలేం" అన్నారు.

రోజు 126

మేదిని ఇంటికి పప్పుచారు పట్టుకెళ్లాను. సూది పెట్టె సంచీలోనే ఉంది. అల్లుడు రాఘవులు వంటశాలలో పని చేస్తాడు, ఇవాళ మధ్యాహ్నం ఇంట్లోనే ఉన్నాడు. మెతక మనిషి, భార్య పడుకుంటే చెప్పుల చప్పుడు కూడా కానివ్వడు. "ఈసారి పైకెళ్లడం మానేసిందండత్తయ్యా. మీరన్నారని," అన్నాడు సంతోషంగా.

నేనన్నానని! మేదిని అన్నంలో చారు పోసుకుని లొట్టలేసుకుంటూ తింది. ఐదో నెల నడుస్తోంది. చెప్పలేకపోయాను. రేపు చెబుదాంలే అనుకుని వచ్చేశాను.

రోజు 131

రేపు రేపు అంటూ ఐదు రోజులు గడిపాను. మూత తీయకుండా కూర్చోవడం నాకు బాగా అలవాటైన పనేగా.

ఇవాళ చెప్పాను. మంచం మీద కూర్చోబెట్టి, పుస్తకం ముందు పెట్టి, ఎలుకల దగ్గర మొదలెట్టి మొత్తం చెప్పాను. మేదిని, పైన పలకల మధ్య తాడు పట్టుకుని నిలబడ్డప్పుడు ఎలా బిగుసుకుని ఉంటుందో అలా కూర్చుంది.

"అయితే నేనేదో ఎత్తడం వల్ల కాదన్నమాట," అంది చివరికి.

"కాదే తల్లీ."

"మూడుసార్లడిగావమ్మా నువ్వు. ఏం ఎత్తావే, ఏం ఎత్తావే అని. రెండోసారి నేను ఖాళీ బకెట్టు కూడా ముట్టుకోలేదు. అయినా నువ్వడిగేసరికి, ఏదో ఎత్తే ఉంటాను, గుర్తులేదేమో అనుకున్నాను. రోజూ గుర్తు చేసుకునేదాన్ని తెలుసా? ఏ రోజు ఏం ఎత్తానా అని."

నేను దాని చెయ్యి పట్టుకోబోయాను. తీసేసుకుంది.

"నీ పుస్తకంలో నాలుగో రోజు దాకా ఎవరూ లెక్కలోకి రారు కదా. మరి ఆ ముగ్గురూ ఎవరమ్మా?"

సిగ్గు లేకుండా సంచీలోంచి సూది పెట్టె తీశాను. ఒక్క చుక్కతో తెలిసిపోతుందని చెప్పాను.

"తెలిత్తే ఏం చేత్తావు?"

"ఏం చెయ్యలేం. మనసు రాయి చేసుకోవడానికి..."

"నాకొద్దు." లేచి తలుపు తీసి పట్టుకుంది. "ఇరవై రెండేళ్లు మూతెయ్యమన్నావు, వేశారంతా. ఇప్పుడు నీకు తోచింది గాబట్టి తియ్యమంటావు. నీ ఎలుకల గుడ్డలు ఎత్తుకో. నాది ఎత్తకు. ఎల్లు, అమ్మా, ఎల్లు."

నేను గడప దాటకముందే తలుపు మూసింది.

సాయంత్రం గదికి వచ్చి ఇరవై రెండో పుస్తకం మొదటి పేజీ తీశాను. అచ్చయిన గడుల పక్కన స్కేలు పెట్టి కొత్త గడి గీశాను. పైన "మొదటి రోజు" అని రాశాను. ఎలుకల కంటే ముందు, మొదటి వరసలో, ఇలా రాశాను: మేదిని. ముగ్గురు. తల్లి తప్పేమీ లేదు.

రోజు 132

మేదిని తలుపుకి నీలం గుడ్డ కట్టి ఉంది. పురుడు రావడానికి ఇంకా నాలుగు నెలలుంది. లోవలో జనం ఆగి చూస్తున్నారు, ఆరా తీస్తున్నారు. ఎవరికీ అర్థం కాలేదు. అది నాకోసం కట్టిందని నాకు మాత్రమే తెలుసు.

తినేదేదైనా తీసుకెళ్తే రాఘవులు గిన్నె అందుకుంటున్నాడు. "లోపలికి మాత్రం వద్దంటందండత్తయ్యా," అంటాడు నేల చూస్తూ.

రోజు 158

ఐదో నెల దాటింది, అయినా భయం పోలేదు. రోజుకి రెండుసార్లు ఆ వీధిన నడుస్తున్నాను. ఏదో ఒక వంక. గుడ్డ కట్టే ఉంది. ఏడుపు వినిపించలేదు, డాక్టర్ రాలేదు. సుభానీ గొట్టాలు చూసే నెపంతో లోపలికి వెళ్లి వచ్చాడు. "మేదిని పాప బానే ఉందక్కా, కూచుని మేజోళ్లు అల్లుకుంటంది. మీ గురించి అడగలేదండి" అన్నాడు. చివరి మాట చెప్పకుండా ఉండాల్సింది. వాడికి అబద్ధం చెప్పడం రాదు.

రోజు 170

పెద్దల సభ. డాక్టర్ శౌరి చెప్పారు, నేనూ చెప్పాను. ఏడుగురు పెద్దలు. మర్యాదగా విన్నారు, నీళ్లు ఇచ్చారు. తీర్పు ఇది: మందు ఆగదు. జీను గుడ్డులోకి పోకుండా చేసే మందు కోసం డాక్టర్లు పని మొదలుపెట్టాలి. అది వచ్చే దాకా ఈ సంగతి బయటికి పొక్కకూడదు, జనం బెదిరిపోతారు. ఎలుకల పుస్తకంలో కొత్త గడులు గియ్యకూడదు.

"బెదిరిన తల్లి పిల్లల్ని తినేస్తుందని మీరేగా అన్నారు రత్నంగారూ," అన్నాడు ఒక పెద్దమనిషి, నవ్వుతూ.

నా మాట నాకే అప్పజెప్పాడు. తిన్నది బెదిరి కాదు అని చెప్పేలోపు వాళ్లు లేచి వెళ్లిపోయారు. పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంది. గడీ ఉంది.

రోజు 201

ఏడో నెల దాటింది. ఇక భయం లేదని డాక్టర్ శౌరి మెల్లగా చెప్పారు. బిడ్డలో ఆ జీను ఉంటే ఈపాటికి పోయేదట. బోనులు కడుగుతూ చాలాసేపు ఏడ్చాను. సంతోషంతోనే. ఆ సంతోషం చెప్పుకోవడానికి వెళ్లే గుమ్మానికి గుడ్డ కట్టి ఉంది.

రోజు 253

మేదినికి ఆడపిల్ల పుట్టింది. రాఘవులు పరిగెత్తుకొచ్చి చెప్పాడు, చెప్పులు కూడా లేవు కాళ్లకి. "గులాబి రంగులో ఉందండత్తయ్యా," అన్నాడు. ఎవరు చెప్పారో వాడికి, ఆ రంగు గురించి నాకు చెప్పాలని.

మొదటి రోజు గడిలో రాశాను: ఒకటి.

రోజు 256

నాలుగో రోజు. గుడ్డ విప్పారు. నన్ను పిలవలేదు. వీధి మలుపులో నిలబడి చూశాను. డాక్టర్ శౌరి జనాభా పుస్తకం పట్టుకుని లోపలికి వెళ్లి, రాసుకుని వచ్చారు. సాయంత్రం లోవ మైకుల్లో వార్త: "పైపని మేదినికి ఆడబిడ్డ. తల్లీబిడ్డా క్షేమం. కొసముడి తీసుకున్న తల్లులకు ఎలాంటి ఇబ్బందీ లేదని దీనితో మరోసారి రుజువైంది."

చెవులు మూసుకున్నాను. ఏడో వరసలో ఆరు చూసి నేను బెంగ లేదని రాసినట్టే, వాళ్లు ఒకటి చూసి రాశారు. ఉన్న ఒక్కదాన్నీ పోయిన ముగ్గురి మీద గుడ్డలా కప్పేశారు. నా మనవరాలు లోకంలోకి వచ్చి నాలుగు రోజులే, అప్పుడే దాని చేత అబద్ధం చెప్పించారు.

రోజు 258

రాఘవులు వచ్చాడు. "పుస్తకం ఇమ్మంటందండి," అన్నాడు.

"ఏ పుస్తకం?"

"మొదటి రోజు గడి ఉన్నదంట."

గడి సంగతి దానికెలా తెలిసిందని అడగలేదు. సుభానీకి అబద్ధం చెప్పడమే కాదు, నోరు మూసుకోవడం కూడా రాదు. దేవుడు వాడిని చల్లగా చూడాలి. పుస్తకం ఇచ్చేశాను. ఇక నుంచీ లెక్క విడి కాగితాల మీదే.

రోజు 260

ఇవాళ ముడి రోజు, ఏటా పిల్లలకి కొసముడి సూది వేసే రోజు. సభ హాల్లో అరవై రెండు మంది పిల్లలు వరసలో నిలబడ్డారు, కొత్త బట్టల్లో. పద్దెనిమిదీ పంతొమ్మిదేళ్లవాళ్లు. తల్లిదండ్రులు వెనక బల్లల మీద. మందు సీసాల మీద సరి ముద్ర వెయ్యడానికి ఏటా నన్ను పిలుస్తారు. వెళ్లాను. ముద్ర జేబులోంచి తీయలేదు. డాక్టర్ శౌరి నావంక చూసి, తన ముద్ర తీసి సీసాల మీద వేశారు.

సభాపెద్ద మైకు అందుకుని మేదిని బిడ్డ గురించి చెబుతున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది.

మేదిని. చంకలో బిడ్డ, ఇంకో చేతిలో నా పుస్తకం. పచ్చి బాలింత, గోడ పట్టుకుని నడిచింది. చప్పట్లు ఇంకా ఎక్కువయ్యాయి. బిడ్డని చూపించడానికి వచ్చిందనుకున్నారు. పెద్దాయన మైకు దాని నోటి దగ్గర పెట్టాడు. "చెప్పమ్మా. ఒక్క మాట."

"ఒకటి కాదండి," అంది మేదిని. "నాలుగు."

ఆయనకి అర్థం కాలేదు. చప్పట్లు సన్నగిల్లాయి.

"నాకు పుట్టాల్సింది నలుగురండి. ముగ్గురు పోయారు. నేనేదీ ఎత్తలేదు. ఆ మందు వల్ల పోయారు. మీకు కలిగే బిడ్డల్లో సగానికి సగం అలాగే పోతారు. పైకెళ్లండి, వద్దనను. లెక్క తెలుసుకుని ఎల్లండి. మా అమ్మ రాసింది, చదువుతాను."

మైకు ఆపేశారు. మేదిని మైకు లేకుండానే పుస్తకం తెరవబోయింది. ఒంటి చేత్తో కుదరలేదు, పెద్ద పుస్తకం. హాలంతా వెతికి నన్ను చూసింది. నూట ఇరవై తొమ్మిది రోజుల తర్వాత అది నా కళ్లలోకి చూడడం అదే. దగ్గరికి వచ్చి బిడ్డని నా చేతుల్లో పెట్టింది. పుస్తకం పట్టుకోవడానికి దానికి రెండు చేతులూ కావాలి, అంతే.

మొదటి పేజీ తీసి అక్కడే ఆగింది. ఆ మొదటి వరస మీద వేలు పెట్టింది. తర్వాత చదివింది. "మేదిని. ముగ్గురు. తల్లి తప్పేమీ లేదు." అక్కడి నుంచి ఎలుకల లెక్క, ఒక్కో బోను, ఒక్కో కాన్పు, పెద్దల మనుషులు వచ్చి చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లే దాకా.

అరవై రెండు మందిలో పదకొండు మంది వరసలోంచి బయటికి వచ్చారు. యాభై ఒక్కరు చెయ్యి చాచారు. ఒకమ్మాయి చాచనంటే వాళ్లమ్మ వచ్చి మోచెయ్యి పట్టుకుని చాపించింది.

బిడ్డ నా చేతుల్లో నిద్రపోయింది. రాఘవులు వచ్చి తీసుకెళ్లే దాకా అలాగే నిలబడ్డాను. మేదిని తలుపుకి గుడ్డ మళ్లీ కట్టి ఉందట. పుస్తకం పెద్దలు లాక్కున్నారు. ఏడో వరసలో ఇవాళ రెండు కాన్పులు. మొదటి రోజు లెక్క: పన్నెండు, పదకొండు. ఈ లెక్క గది గోడ మీద రాశాను.